తుపాకీ చట్టం ఓటింగుకు వచ్చినప్పుడు ఓరెగాన్‌లో మేం ఏం చేశాం

మీ రాష్ట్రంలో తుపాకుల నియంత్రణ చట్టాన్ని ప్రజల ఓటుకు పెడుతున్నారని, తుపాకులున్నవాళ్లు ఎలా ఒక్కటవుతారో, గ్రీన్‌కార్డు మీద ఉన్న మీరు ఏం చేయొచ్చో చెప్పమని అడిగారు. నేను హిల్స్‌బరోలో ఉంటాను. పౌరసత్వం వచ్చాక తుపాకీ కొన్నాను, ఒక షూటింగ్ క్లబ్‌లో మెంబర్ని. 2022లో ఇక్కడ మెజర్ 114 అనే తుపాకుల నియంత్రణ ప్రతిపాదన ప్రజల ఓటుకు వచ్చినప్పుడు దానికి వ్యతిరేకంగా పనిచేశాను. ఓడిపోయాం. అవును 50.65 శాతం, కాదు 49.35 శాతం. అంటే తేడా సుమారు 25 వేల ఓట్లు.

ఓటుకు వచ్చినప్పుడు ఆ చట్టంలో మూడు నిబంధనలుండేవి. తుపాకీ కొనాలంటే ముందు స్థానిక పోలీసు చీఫ్ దగ్గరో కౌంటీ షెరీఫ్ (జిల్లా లాంటి కౌంటీకి ఎన్నికైన పోలీసు అధికారి) దగ్గరో పర్మిట్ తీసుకోవాలి. దానికి వేలిముద్రలు, ఫోటో, 65 డాలర్ల దాకా ఫీజు, తుపాకీ కాల్చి చూపించే శిక్షణ కావాలి. కొనేవాళ్ల నేరచరిత్ర తనిఖీ (బ్యాక్‌గ్రౌండ్ చెక్) పూర్తయ్యేదాకా అమ్మకం జరగకూడదు. పది గుళ్లకు మించి పట్టే మ్యాగజైన్లు (తుపాకీలో గుళ్లు నింపే డబ్బాలు) కొత్తగా కొనడం, అమ్మడం నిషేధం. పాతవి ఉంటే ఇంట్లో, షూటింగ్ రేంజిలో, వేటలో మాత్రమే వాడాలి.

దీన్ని బ్యాలెట్ మీదికి తేవడానికి అప్పుడు 1,12,020 సంతకాలు కావాల్సి వచ్చింది. చర్చిల వాళ్లు ముందుండి సేకరించారు. ఆ మే నెలలో టెక్సస్‌లోని యువాల్డీ స్కూల్లో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను చంపేశాక వాళ్ల వాలంటీర్లు ఒక్కసారిగా పెరిగారు. ఆ బాధ నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసుకుని మాట్లాడేవాళ్లు మా గుంపులోనూ కొందరు ఉండేవారు, వాళ్లతో నాకెప్పుడూ పడలేదు.

మా వైపు కదలిక వేసవి చివర్లో వచ్చింది. ఓరెగాన్ ఫైర్‌ఆర్మ్స్ ఫెడరేషన్, వేటగాళ్ల సంఘం, షూటర్ల సంఘం ఎవరి దారిన వాళ్లు ప్రచారం మొదలుపెట్టారు. గన్ షాపు కౌంటర్ల మీద కరపత్రాలు, రేంజి గేటు దగ్గర ఇంటి ముందు పాతుకునే బోర్డులు. షెరీఫులు చాలామంది బాహాటంగా వ్యతిరేకించారు. శిక్షణ ఇవ్వడానికి మనుషులు లేరు, డబ్బు లేదు అన్నది వాళ్ల మాట. అన్నిటికంటే బాగా పనిచేసింది ఆ వాదనే. డబ్బులో మాత్రం అవతలి పక్షం మాకు అందనంత ఎత్తులో ఉంది.

ఇక్కడ ఓటు పోస్టులో వేస్తారు. కవర్లు ఇంటికి వచ్చి దాదాపు మూడు వారాలు ఉంటాయి, కాబట్టి పోలింగు రోజు హడావిడి అంటూ ఉండదు. ఎవరి కవరు తిరిగి వచ్చిందో ప్రచారం చేసేవాళ్లు జాబితాలో చూసుకోవచ్చు (ఎటు వేశారన్నది తెలియదు). ఇంకా పంపని వేటగాళ్లకు ఫోన్లు చేయడమే సాయంత్రాల్లో నా పని. ప్రతి ఇంటికీ వెళ్లే ఓటర్ల కరపత్ర పుస్తకం ఇంకొకటి. 1,200 డాలర్లు కట్టినా, 500 మంది ఓటర్ల సంతకాలు తెచ్చినా మన వాదన అందులో అచ్చవుతుంది. ఎవరికీ పట్టని ఆ పేజీలు మా వీధిలో పెద్దవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదవడం చూశాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మేం ఎక్కువగా మాతో మేమే మాట్లాడుకున్నాం. 36 కౌంటీల్లో ఆరింటిలోనే మెజర్ గెలిచింది, కానీ జనం బాగా ఎక్కువున్న కౌంటీలు వాటిలో ఉన్నాయి. తూర్పు ఓరెగాన్‌లో ఎన్ని బోర్డులు పాతినా పోర్ట్‌లాండ్ శివార్లలో తలుపు తట్టకపోతే లెక్క కుదరదు. అలాంటి శివారే అయిన బెథనీలో మన తెలుగు ఇళ్లకు నేనే వెళ్లాను. అక్కడ తుపాకీ హక్కు ఇచ్చే రాజ్యాంగ సవరణ, సెకండ్ అమెండ్‌మెంట్ అంటే ఎవరూ వినరు. "లైసెన్సు లేకుండా తుపాకీ ఏంటండీ?" అనేవారు. న్యాయమే. కలెక్టరు లైసెన్సు ఇస్తే తప్ప తుపాకీ ఉండదని, ఎన్నికలొస్తే దాన్ని కూడా స్టేషన్లో డిపాజిట్ చేయాలని చూస్తూ పెరిగినవాళ్లం. ఒక అక్క అయితే, "తమ్ముడూ, మావాడు స్కూల్లో కాల్పులొస్తే దాక్కునే లాక్‌డౌన్ డ్రిల్ చేసొచ్చి రాత్రంతా లైటు ఆర్పనివ్వలేదు. నువ్వు వాడికేం చెబుతావు?" అని అడిగింది. ఆమెతో వాదించలేదు. ఆ శిక్షణ ఎక్కడ దొరుకుతుందో, నైట్ షిఫ్టు చేసే ఒంటరి తల్లికి ఎన్ని నెలలు పడుతుందో మాత్రం చెప్పాను. ఆమె ఎటు వేసిందో నేను అడగలేదు. కానీ అలా కూర్చుని మాట్లాడిన ఇళ్లలోనే ఒకటి రెండు ఓట్లు కదిలాయని నమ్ముతాను.

ఓడాక పోరాటం కోర్టుకు మారింది. చట్టం డిసెంబరు 8న అమల్లోకి రావాల్సి ఉండగా హార్నీ కౌంటీ జడ్జి ఆపారు. పోర్ట్‌లాండ్‌లోని ఫెడరల్ జడ్జి 2023లో చట్టం చెల్లుతుందన్నారు. 2025 మార్చిలో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు కూడా హార్నీ తీర్పును కొట్టేసింది, కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు ఉందిలే అని ప్రచారాన్ని వదిలేయకండి.

మీరు సంతకాల దశకంటే ముందే మొదలుపెట్టండి. ఓరెగాన్‌లో అయితే బ్యాలెట్ టైటిల్ (బ్యాలెట్ మీద అచ్చయ్యే శీర్షిక, వివరణ) ముసాయిదాను అటార్నీ జనరల్ రాస్తారు. అందులో శీర్షిక 15 మాటలకు మించదు, చాలామంది ఓటర్లు చదివేది అదే. దాని మీద ఓటర్లు గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు, చెప్పినవాళ్లే తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లగలరు. మీ రాష్ట్రంలో ఆ పద్ధతి ఎలా ఉందో ఇప్పుడే కనుక్కోండి.

గ్రీన్‌కార్డు మీద మీరు ఓటు వేయకూడదు, పొరపాటున వేసినా దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంది. ఫోన్లు చేయొచ్చు, తలుపులు తట్టొచ్చు, చందా ఇవ్వొచ్చు. మీతోపాటు హెచ్1బీ, ఎఫ్1 మిత్రుల్ని రేంజి మీటింగుకు తీసుకెళ్తే వాళ్ల చేతికి తుపాకీ ఇవ్వకండి. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఆ వీసాల మీద తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ నేరం. ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడించండి.