పదమూడేళ్ల బాబుని ఇప్పుడే ఇంగ్లండ్ ట్రయల్‌కి పంపాలా?

బాబుకి పదమూడేళ్లని, డాలస్‌లో క్లబ్ సాకర్ ఆడుతున్నాడని, ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ అంటే ప్రాణమని, ఈ సమ్మర్‌లో డబ్బు కట్టి ఇంగ్లండ్‌లో ట్రయల్‌కి, అంటే ఆటగాళ్లను ఎంపిక చేసే పరీక్షకి, పంపితే లాభం ఉంటుందా అని అడిగారు. మేముండేది డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో. మా పెద్దవాడు కూడా ఇదే ఆటలో ఉన్నాడు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

పంపకండి. వాడు ఎంత బాగా ఆడినా 18 నిండేదాకా ఇంగ్లండ్ క్లబ్ వాడిని రిజిస్టర్ చేసుకోవడం దాదాపు కుదరదు. మైనర్లను ఆట కోసం దేశం దాటించకూడదని ఫిఫా నిబంధన ఉంది. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని పని మీద, అంటే ఉద్యోగం మారో మరోలాగో, అక్కడికి వెళ్తే మినహాయింపు ఇస్తారు. మీకు లండన్‌కి ట్రాన్స్‌ఫర్ వస్తే అది వేరే సంగతి. యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మాత్రం ఆ దేశాల్లో 16కే చేరొచ్చు. అమెరికా ఆటగాడు పులిసిక్ అలాగే వెళ్లాడు: తాత క్రొయేషియా నుంచి వచ్చినవాడు కావడంతో ఆ పౌరసత్వం దొరికింది, 16 ఏళ్లకే జర్మనీ క్లబ్ డోర్ట్‌మండ్‌లో చేరాడు, 2019లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ సుమారు 58 మిలియన్ పౌండ్లు పెట్టి కొనుక్కుంది. మన తెలుగు పిల్లలకు ఆ దారి లేనట్టే. నాకు బాధనిపించేది ఆ 16 నుంచి 18 మధ్య రెండేళ్ల గురించే, ఎందుకంటే ఆటగాడు తయారయ్యే వయసు అదే, అదే వయసు ఇంగ్లిష్ కుర్రాడు అప్పటికే ఫుల్‌టైమ్ అకాడమీలో రోజూ తనకంటే పెద్దవాళ్లతో ఆడుతుంటాడు.

సరే, 18 నిండాయి అనుకోండి. అప్పుడు వర్క్ పర్మిట్. బ్రెగ్జిట్ తర్వాత 2021 నుంచి పాయింట్ల పద్ధతి పెట్టారు, ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) ఒప్పుకోవాలంటే 15 పాయింట్లు కావాలి. జాతీయ జట్టుకు ఎన్ని మ్యాచులు ఆడాడు, క్లబ్‌లో ఎన్ని నిమిషాలు ఆడాడు, ఆ లీగ్ స్థాయి ఏంటి, ఇవన్నీ చూస్తారు. పాయింట్లు సరిపోని కొందరిని కూడా తీసుకునేలా 2023లో సడలించారు కానీ ప్రీమియర్ లీగ్ క్లబ్‌కి గరిష్ఠంగా నలుగురే, ఆ నాలుగు చోట్లకి ప్రపంచమంతా పోటీ. ఇది కొత్త కష్టం కూడా కాదు. 2019లో మాంచెస్టర్ సిటీ అంతటి క్లబ్ అమెరికా గోల్‌కీపర్ జాక్ స్టెఫెన్‌ని కొని, పర్మిట్ రాక జర్మనీకి లోన్ మీద పంపింది.

అందుకే నేను చెప్పేది, ఇంగ్లండ్‌ని మొదటి మెట్టు అనుకోవద్దు. మన ఊరి ఉదాహరణే తీసుకోండి. క్రిస్ రిచర్డ్స్ అలబామా కుర్రాడు, ఎఫ్‌సీ డాలస్ అకాడమీ మొదట వద్దంది, హ్యూస్టన్‌లో ఆడి మళ్లీ వచ్చాడు. 18 ఏళ్లకు జర్మనీలో బేయర్న్ మ్యూనిక్, తర్వాత అక్కడే హోఫెన్‌హైమ్, 2022లో ఇంగ్లండ్ క్లబ్ క్రిస్టల్ ప్యాలెస్, 2025లో ఎఫ్ఏ కప్ గెలిచాడు. మరో అమెరికన్ టైలర్ ఆడమ్స్ కూడా జర్మనీలోని లైప్‌జిగ్ మీదుగానే ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి వెళ్లాడు. మాట్ టర్నర్ 2022లో ఎంఎల్ఎస్ (అమెరికా ప్రధాన సాకర్ లీగ్) నుంచి నేరుగా మీవాడి ఆర్సెనల్‌కే వెళ్లాడు, నిజమే, కానీ అప్పటికి అతను అమెరికా జట్టు గోల్‌కీపర్.

కాబట్టి ఆ ట్రయల్ డబ్బు మిగుల్చుకుని ఎంఎల్ఎస్ అకాడమీ మీద దృష్టి పెట్టండి. క్లబ్ ఫీజులు, టోర్నమెంట్లు, హోటళ్లు, ఫ్లైట్లు కలిపి ఏడాదికి వేల డాలర్లు ఎలా అవుతాయో మీకు తెలిసే ఉంటుంది, ఆ అకాడమీల్లో చాలావరకు ఫీజే ఉండదు. మావాడిని ట్రైఅవుట్‌కి తీసుకెళ్లినప్పుడు నేను గమనించింది ఒకటి చెప్తాను. పిల్లలందరూ డ్రిబ్లింగ్ చూపించాలని తాపత్రయపడుతుంటే కోచ్ చూపు అసలు బంతి మీద లేదు. పాస్ రాకముందే వీడు తల తిప్పి భుజం వెనక్కి చూశాడా లేదా, అదే చూస్తూ నోట్ చేసుకుంటున్నాడు. ఇంటికొచ్చాక మావాడితో గోడకి కొట్టిన బంతి తిరిగొచ్చేలోపు నేను చూపించే వేళ్లు లెక్కపెట్టించేవాణ్ణి. అది నిజంగా పనికొచ్చింది.

బాబు ఇండియాలో పుట్టి హెచ్4 (తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ) వీసా మీద ఉంటే కాగితాలు ముందే సర్దుకోండి. మా బంధువుల అబ్బాయిది హైదరాబాద్ పుట్టుక, క్లబ్ మారేటప్పుడు బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు కాపీలు, తల్లిదండ్రుల ఉద్యోగం కాగితాలు అన్నీ అడిగారు, అవి తేలేదాకా పిల్లాడు మ్యాచులు చూస్తూ బెంచీ మీద కూర్చున్నాడు. పైగా పౌరసత్వం లేకుండా అమెరికా జట్టుకి ఆడలేడు, ఇండియా జట్టుకి ఆడినా ఇప్పుడున్న ర్యాంకుతో పర్మిట్‌కి పాయింట్లు రావు.

ఇక ఆ ట్రయల్ వాళ్ల గురించి. మాకూ అలాంటి వాట్సాప్ మెసేజ్ వచ్చింది, పెద్ద క్లబ్ లోగో, స్కౌట్లు వస్తారని హామీ. స్కౌట్ల పేర్లు అడిగితే జవాబు లేదు. నిజంగా మీవాడు కావాలనుకున్న క్లబ్ మీ దగ్గర ట్రయల్ ఫీజు తీసుకోదు. వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, 18 లోపు పిల్లాడిని ఏ నిబంధన కింద రిజిస్టర్ చేస్తారో ఈమెయిల్‌లో రాసి పంపమనండి.