ఉద్యోగస్తులు కలిసి చిన్న పార్టీ పెడితే నిలుస్తుందా?

సాఫ్ట్‌వేర్ వాళ్లు, డాక్టర్లు, లెక్చరర్లు కలిసి పార్టీ పెడితే ఎక్కడ దెబ్బతింటుందని అడిగారు. ఇలాంటి పార్టీలో కిందిస్థాయి పని చేసిన అనుభవంతో చెబుతున్నాను: దెబ్బ తగిలేది బూత్ దగ్గర.

కాగితాల పని మనవాళ్లకు కష్టం కాదు. పార్టీ ఏర్పడిన 30 రోజుల్లో ఎన్నికల సంఘానికి దరఖాస్తు, 10,000 రూపాయల డీడీ, ఓటర్లయిన కనీసం 100 మంది సభ్యుల అఫిడవిట్లు ఇవ్వాలి. వాళ్లెవరూ వేరే రిజిస్టర్డ్ పార్టీలో ఉండకూడదు.

రిజిస్ట్రేషన్ వచ్చినంత మాత్రాన గుర్తు రాదు. అభ్యర్థులందరికీ ఒకటే గుర్తు కావాలంటే కనీసం 5 శాతం అసెంబ్లీ సీట్లలో పోటీ చేయాలి. అంటే తెలంగాణలో 6, ఆంధ్రప్రదేశ్‌లో 9. రిజిస్ట్రేషన్ ఉన్నా ఎన్నికల సంఘం గుర్తింపు లేని పార్టీ అభ్యర్థి నామినేషన్‌పై అదే నియోజకవర్గ ఓటర్లు 10 మంది సంతకం పెట్టాలి. ఫలానా వ్యక్తే మా అభ్యర్థి అని పార్టీ తెలిపే ఫారం ఎ, ఫారం బి నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి. సంతకం ఇంకుతోనే ఉండాలి, ఫ్యాక్స్ కాపీ చెల్లదు.

ఇక అసలు సంగతి. మాజీ ఐఏఎస్ అధికారి జయప్రకాశ్ నారాయణ్ 2006లో లోక్‌సత్తా పార్టీ పెట్టారు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ అంతటా అభ్యర్థుల్ని నిలిపితే గెలిచింది ఆయన నిలబడ్డ కూకట్‌పల్లి ఒక్కటే. పార్టీకి పడ్డ ఓటు నిజమైనదే, కానీ ఊరూరా చెదిరిపోయింది. మన ఎన్నికల పద్ధతిలో పది చోట్ల మూడో స్థానం కన్నా ఒక్కచోట మొదటి స్థానమే విలువ. డిపాజిట్ దక్కాలన్నా చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి. అందుకే గుర్తు కోసం కావలసినన్ని సీట్లలోనే నిలబడి, బలమంతా ఒకటి రెండింటి మీద పెట్టమంటాను.

ఆ ఒక్క నియోజకవర్గానికే వందల బూత్‌లుంటాయి. పోలింగ్ మొదలయ్యే గంటన్నర ముందే మాక్ పోల్ (ఓటింగ్ మెషీన్ సరిగా ఉందో చూసే ఉత్తుత్తి పోలింగ్) జరుగుతుంది. అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చునే ఏజెంట్ తన నియామక పత్రం ఫారం 10తో అప్పటికే అక్కడ ఉండాలి. వాట్సాప్ గ్రూపులో చెయ్యెత్తినవాళ్లలో చాలామంది ఆ వేళకు రారు. కాబట్టి బూత్‌కు ఒక ఏజెంట్, మార్చి కూర్చోబెట్టడానికి ఇంకొకరు, వాళ్ల టిఫిన్, భోజనం ఎవరు తెస్తారో పేరుతో సహా రాసిపెట్టుకోవాలి.

అంతకన్నా ముందు ఓటరు లిస్టు. మన మద్దతుదారుడు అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు, ఓటు సొంతూళ్లో ఉంటుంది. ఇల్లు మారినవాళ్లకు ఫారం 8, కొత్తవాళ్లకు ఫారం 6. పార్టీ పేరు ఖరారు కాకముందే ఫ్లాట్ల వారీగా ఈ పని మొదలుపెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే సగం పేర్లు ఎక్కవు.