చిన్ననాటి స్నేహాల మీద సినిమా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నలుగురు స్నేహితుల కథతో ఇరవై నిమిషాల లఘుచిత్రం రాశాను. గోలీలు, చెరువు ఈత, జామచెట్టు, దూరదర్శన్ అన్నీ పెట్టాను. చదివినవాళ్లు బాగుందంటూనే కథ ముందుకు పోవట్లేదంటున్నారు. ఏం చేయాలి? (తెనాలి పాఠకురాలు)

మీరు పెట్టినవన్నీ వస్తువులు. పిల్లలకు ఒక పని పెట్టండి, దానికి ఒక గడువు పెట్టండి. ఈ తరహా సినిమాల్లో నిలిచినవాటిని విప్పి చూస్తే లోపల ఉండేది అదే. అబ్బాస్ కియరొస్తామీ 1987లో తీసిన ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హోమ్’ చూడండి. ఉత్తర ఇరాన్‌లో కోకర్ అనే పల్లె. పక్కన కూర్చునే పిల్లాడి నోటుపుస్తకం పొరపాటున అహ్మద్ సంచిలో వచ్చేస్తుంది. రేపు పుస్తకంలో హోంవర్క్ రాసుకు రాకపోతే ఆ పిల్లాణ్ణి బడిలోంచి పంపేస్తానని మాస్టారు ముందే హెచ్చరించారు. స్నేహితుడి ఊరు పక్కదే, ఇల్లెక్కడో మాత్రం అహ్మద్‌కి తెలియదు. సినిమా అంతా ఈ వెతుకులాటే. ‘నువ్వు నా ప్రాణస్నేహితుడివి’ అని ఎవరూ ఎవరితోనూ అనరు. పెద్దవాళ్లు మాట వినిపించుకోకుండా పనులు చెబుతుంటే, చీకటి పడకముందే ఆ కుర్రాడు కొండదారిలో పరుగెత్తడమే స్నేహం.

రాబ్ రైనర్ తీసిన ‘స్టాండ్ బై మీ’ (1986) కూడా అంతే. పన్నెండేళ్ల కుర్రాళ్లు నలుగురు, తప్పిపోయిన ఓ అబ్బాయి శవం ఎక్కడుందో విని, రైలుపట్టాల వెంట రెండు రోజులు నడుస్తారు. వాళ్ల కబుర్లన్నీ ఆ నడక మధ్యలోనే వస్తాయి, అందుకే మనకు విసుగు రాదు.

మీ స్క్రిప్టులో ప్రతి సన్నివేశం పక్కన రెండు వాక్యాలు రాయండి: ఇక్కడ ఎవరికి ఏం కావాలి? అది దొరకకపోతే సాయంత్రానికి ఏమవుతుంది? రెండోదానికి జవాబు లేని సన్నివేశం ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయండి. ఇరవై నిమిషాల్లో అలాంటివి ఒకటి రెండైతే ప్రేక్షకుడు భరిస్తాడు. నాలుగైతే ఫోన్ తీస్తాడు.

నలుగురి మధ్య తేడా కూడా చూసుకోండి. స్నేహాన్ని పరీక్షించేది ఆ తేడానే. అవినాశ్ అరుణ్ మరాఠీలో తీసిన ‘కిల్లా’ (2014)లో తండ్రి పోయిన అబ్బాయి, తల్లి బదిలీ వల్ల కొంకణ్ తీరానికి వస్తాడు. మిగతావాళ్లు ఆ ఊరి పిల్లలే. కోట దగ్గర వానలో వాళ్లు తనను వదిలేసి వెళ్లిపోయినప్పుడు, వాళ్లకు ఆటలో భాగమైనది అతనికి ద్రోహంలా తగులుతుంది. ఎందుకో సినిమా వివరించి చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

ప్రశ్న: పిల్లలు రిహార్సల్లో బాగా చేస్తున్నారు, కెమెరా పెట్టగానే పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నారు. (వరంగల్ పాఠకుడు)

డైలాగులు కాగితం మీద ఇచ్చి బట్టీ పట్టించి ఉంటారు. పిల్లలు బడిలో నేర్చుకున్నది అదే కనుక ఇక్కడా అప్పజెబుతారు. ముందుగా కాగితం తీసేయండి. ‘స్టాండ్ బై మీ’ షూటింగుకు ముందు రైనర్ ఆ నలుగురితో రెండు వారాల పాటు నటన ఆటలే ఆడించాడు. నిజంగా స్నేహితులయ్యాకే కెమెరా ముందుకు తెచ్చాడు.

మీకు పది రోజులు చాలు, రోజుకు రెండు గంటలు. మొదటి ఐదు రోజులు కథ ఊసే వద్దు. అద్దం ఆట (ఒకరు చేసింది ఎదుటివారు అదే వేగంతో చేయడం), కళ్లకు గంతలు కట్టుకుని స్నేహితుడి మాటను బట్టి నడవడం, లేని బంతిని విసురుకోవడం లాంటివి ఆడించండి. ఈ ఆటల్లో ఎదుటివాణ్ణి చూడకపోతే ఆట సాగదు. నటనలో మీకు కావలసింది ఆ చూపే. ఆరో రోజున సందర్భం చెప్పి, వాళ్ల మాటల్లో అనమనండి. మీరు రాసినదానికంటే బాగున్న మాట వస్తే అదే ఉంచండి. యాస మార్చకండి. హనుమకొండ పిల్లాడి చేత పుస్తకభాష పలికిస్తే ముఖం కూడా బిగుసుకుపోతుంది.

సెట్లో మొదటి రెండు మూడు టేకుల్లోనే సరుకు ఉంటుంది. ఐదో టేకు నుంచి పిల్లలు తమను తామే అనుకరిస్తారు. అందుకే రిహార్సల్‌ని కూడా రికార్డు చేయండి. రెండో కెమెరా దొరికితే ఎదుటి పిల్లాడి ముఖం మీద పెట్టండి. మాట్లాడేవాడి కంటే వినేవాడి ముఖమే ఎడిటింగులో ఎక్కువ పనికొస్తుంది.

డబ్బింగ్ తర్వాత చేద్దాంలే అనుకోవద్దు. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. ఆరు నెలల తర్వాత స్టూడియోకి వచ్చేది వేరే గొంతు. సన్నివేశం అయిన వెంటనే, అదే మైకుతో, పక్కన నిశ్శబ్దంగా ఉన్నచోట, ప్రతి డైలాగునూ మూడుసార్లు చెప్పించి దాచుకోండి. షూటింగు మొత్తం ఒకే సెలవుల్లో ముగించండి. పాలపళ్లు ఊడే వయసైతే ముందు పన్ను ఉన్న షాటు, లేని షాటు పక్కపక్కన వస్తాయి. జుట్టు సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పండి. సగం షూటింగులో క్షవరం చేయించుకొస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

ప్రశ్న: ‘స్టాండ్ బై మీ’లో రైలు వంతెన సన్నివేశం పిల్లల ప్రాణాల మీదికి తెచ్చి తీశారా? గోదావరి దగ్గర అలాంటిది తీయాలని ఉంది. (రాజమహేంద్రవరం పాఠకుడు)

లేదు. వంతెన మీద రైలు కనిపించే షాట్లలో పరుగెత్తింది పిల్లలు కాదు. జుట్టు కత్తిరించి, పిల్లల బట్టలు వేసిన పొట్టి మహిళా స్టంట్ కళాకారులు. రైలు వంతెన అవతలి కొసన ఉంది. పొడవైన టెలిఫోటో లెన్స్ (దూరంలో ఉన్నవాటిని దగ్గరికి లాగి చూపేది) వల్ల వీపు మీదికి వచ్చినట్టు కనిపిస్తుంది.

మీరు మాత్రం పట్టాల మీదికి వెళ్లొద్దు. అనుమతి లేకుండా అడుగుపెడితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, పిల్లలతో ఆ పని చేయకూడదు. కాలవగట్టు మీద ట్రాక్టరుతో అదే భయం పుట్టించవచ్చు.

లెక్క ఇది. కెమెరా పిల్లలకు ఐదు మీటర్లలో ఉండి, వాళ్ల వెనక నలభై మీటర్లలో ట్రాక్టరు ఉంటే, పిల్లల పక్కనే ఉన్నప్పటి సైజులో అది తొమ్మిదో వంతు కనిపిస్తుంది. భయం వేయదు. కెమెరాను పిల్లలకు నలభై మీటర్ల దూరం జరపండి. ట్రాక్టరు కదలకపోయినా ఇప్పుడు సగం సైజులో ఉంటుంది. ఏపీఎస్-సీ సెన్సర్ (బొమ్మను పట్టే చిప్ మధ్యస్థ సైజులో ఉండే రకం) కెమెరాకు 200 ఎంఎం లెన్స్ పెడితే, నాలుగున్నర అడుగుల పిల్లాడు ఫ్రేము ఎత్తులో సుమారు సగం వస్తాడు. ట్రాక్టరు ఆ నలభై మీటర్ల గీత దాటకూడదు. డ్రైవరు పక్కన చేతిలో జెండాతో ఒక మనిషిని నిలబెట్టండి. ఇంకా సందేహంగా ఉంటే పిల్లల షాటు, ట్రాక్టరు షాటు విడివిడిగా తీసి కలపండి.

ఉదయం ఎనిమిదిలోపే తీయండి. ఎండ ముదిరాక నేల నుంచి లేచే వేడిగాలి టెలిఫోటోలో బొమ్మను అలల్లా కదిలిస్తుంది, ఫోకస్ తప్పిందేమో అనిపిస్తుంది. ట్రైపాడ్ తప్పనిసరి.

ప్రశ్న: పదేళ్ల పిల్లలతో తీయడానికి అనుమతి కావాలా? మాది చిన్న సినిమా, అందరూ బంధువుల పిల్లలే. (హైదరాబాద్)

కావాలి. బంధుత్వం మినహాయింపు కాదు. బాలకార్మిక చట్టం 2016లో మారాక, 2017 నియమాల ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని నటింపజేయడానికి షూటింగు జరిగే జిల్లా కలెక్టరు అనుమతి తీసుకోవాలి. హామీపత్రంతో పాటు పిల్లల జాబితా, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల బాధ్యత చూసే వ్యక్తి పేరు ఇవ్వాలి. ఆ హామీ ఆరు నెలలు చెల్లుతుంది. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. ప్రతి ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడు ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం, పిల్లల పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చదువు ఆగకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇష్టం లేని పిల్లాడి చేత చేయించకూడదు.

ఐదు గంటలు చాలవని చాలామంది అంటారు. చాలుతాయి, పిల్లలు లొకేషన్‌కి వచ్చేసరికి లైట్లు పెట్టి, పెద్దవాళ్లను నిలబెట్టి ఫ్రేము సిద్ధం చేసుకుంటే. రోజుకు స్క్రిప్టులో రెండు పేజీలకు మించి పెట్టుకోకండి.

ప్రశ్న: 1990ల నాటి ఊరు అనిపించడానికి రంగును పసుపు, గోధుమకు తిప్పాలా? (కర్నూలు)

వద్దు. గోధుమరంగు పూత పూస్తే మన పిల్లల చామనచాయ ముఖాలు వెనకున్న మట్టిగోడలో కలిసిపోతాయి. దానికి బదులు వెలుగు మార్చండి. రాత్రి సన్నివేశంలో వీధి ఎల్ఈడీ ఆర్పించి, ఇంట్లో మామూలు ఫిలమెంట్ బల్బు పెట్టి, కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగును తెల్లగా చూపాలో చెప్పే సెట్టింగు) 4000 కెల్విన్ దగ్గర ఉంచండి. సరిపడా వెచ్చదనం దానంతటదే వస్తుంది.

తప్పులు పట్టేది తారీఖుల దగ్గరే. ఈటీవీ మొదలైంది 1995 ఆగస్టు 27న. 1993 కథలో ఆ లోగో కనిపించకూడదు. దూరదర్శన్‌లో సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి శుక్రవారం సాయంత్రం వచ్చేది, దాన్ని ఆదివారం పెట్టకండి. ఇప్పుడు మనకు పాతవిగా అనిపించే గాంధీ సిరీస్ పది, వంద నోట్లు 1996 నుంచే. బండి మీద టీఎస్ నంబరు 2014 తర్వాతిది, టీజీ 2024ది. అప్పట్లో సొంత వాహనాలకు నల్లపలక మీద తెల్ల అక్షరాలు ఉండేవి. ఏ ఊళ్లో తీస్తున్నారో ఆ బడిలో పాత గ్రూప్ ఫొటో అడిగి చూడండి. యూనిఫాం, జడలు, చెప్పులు లేని కాళ్లు అన్నీ అందులో దొరుకుతాయి.

ప్రశ్న: అప్పటి సినిమా పాట ముప్ఫై సెకన్లలోపు వాడితే హక్కులు అక్కర్లేదంటారు. నిజమా? (డాలస్ పాఠకురాలు)

నిజం కాదు. మన కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల మినహాయింపు లేదు. పాటలో రెండు హక్కులుంటాయి. రికార్డింగ్ మీద ఆడియో కంపెనీది ఒకటి, సాహిత్యం, బాణీ మీద ఇంకొకటి. పిల్లల చేత మళ్లీ పాడించుకుంటే మొదటిది తప్పుతుంది కానీ రెండోది తప్పదు.

పాట లేకుండా కాలం తెలియదనుకుంటే పొరపాటు. ‘స్టాండ్ బై మీ’ కథ 1959లో జరుగుతుంది, పేరు ఇచ్చిన బెన్ ఇ. కింగ్ పాట 1961ది. అది వినిపించేది చివరి టైటిల్స్‌లో, ఆ నలుగురిలో ఒకడు పెద్దయి తమ కథ రాయడం ముగించాక. చిన్న బడ్జెట్‌కి మా సలహా: రచయిత ఎవరో తెలియని జానపద ఆటపాటలు, చెమ్మచెక్క లాంటివి పిల్లల గొంతులోనే రికార్డు చేయండి. సినిమా పాటే కావాలంటే ఎడిటింగుకు ముందే లైసెన్సు అడగండి. తర్వాత అడిగితే దొరక్కపోవచ్చు, ఆ తాళానికి కోసిన సన్నివేశం మొత్తం మళ్లీ కోయాలి. ఒప్పందంలో ఫిలిం ఫెస్టివల్స్, యూట్యూబ్, ఓటీటీ, విదేశీ ప్రదర్శనలు విడివిడిగా పేరు పెట్టి రాయించుకోండి.