డ్రెడ్ స్కాట్‌కు స్వేచ్ఛ దక్కిందా?

ప్రశ్న: అమెరికా సుప్రీంకోర్టుకు మాయని మచ్చగా చెప్పే డ్రెడ్ స్కాట్ తీర్పు ఏమిటి? అతనికి చివరికి స్వేచ్ఛ లభించిందా?

జవాబు: డ్రెడ్ స్కాట్ మిస్సోరి రాష్ట్రంలోని బానిస. సైనిక వైద్యుడైన యజమాని జాన్ ఎమర్సన్ అతణ్ణి బానిసత్వం నిషిద్ధమైన ఇల్లినాయ్ రాష్ట్రంలోను, ఆపై విస్కాన్సిన్ ప్రాంతంలోని ఫోర్ట్ స్నెల్లింగ్‌లోను కొన్నేళ్లు ఉంచాడు. అక్కడ నివసించినందున తాము స్వతంత్రులమయ్యామంటూ స్కాట్, అతని భార్య హ్యారియెట్ 1846లో సెయింట్ లూయిస్‌లో కోర్టుకెక్కారు. 1850లో జ్యూరీ వారి వాదనను అంగీకరించినా, రెండేళ్లకు రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

వ్యాజ్యం ఫెడరల్ కోర్టులకు చేరాక, 1857 మార్చి 6న దేశ సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో స్కాట్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతివారు, స్వతంత్రులైనా సరే, అమెరికా పౌరులు కాజాలరనీ, అందువల్ల ఫెడరల్ కోర్టులో దావా వేసే హక్కే స్కాట్‌కు లేదనీ ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ రాశారు. దావా వేసే హక్కే లేదన్నాక మిగతా విషయాలతో పనేమిటి? అయినా ఆయన అక్కడితో ఆగక, ఉత్తర ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించిన 1820 నాటి మిస్సోరి ఒప్పందం రాజ్యాంగ విరుద్ధమని కూడా ప్రకటించారు. రాజ్యాంగాన్ని ఆమోదించే నాటికే ఐదు రాష్ట్రాల్లో స్వతంత్ర నల్లజాతీయులకు ఓటుహక్కు ఉండేదని జస్టిస్ కర్టిస్ తన అసమ్మతి తీర్పులో ఎత్తిచూపారు. ఈ వాదనకు టానీ వద్ద సరైన సమాధానం లేదనే చెప్పాలి.

ఇక మీ రెండో ప్రశ్నకు వస్తే, కోర్టు ఇవ్వని స్వేచ్ఛను ఎమర్సన్ కంటే ముందు స్కాట్‌కు యజమానిగా ఉన్న వ్యక్తి కుమారుడు టేలర్ బ్లో అదే ఏడాది మే నెలలో ఇచ్చాడు. మరుసటి ఏడాదే స్కాట్ క్షయవ్యాధితో మరణించాడు. అమెరికాలో పుట్టినవారికి పౌరసత్వాన్ని ఖాయం చేస్తూ ఈ తీర్పును చెల్లకుండా చేసిన 14వ సవరణ 1868లో గాని రాలేదు.