కణం కదలిక మీద నీ వ్యాసం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగానే కష్టపడ్డావు. కానీ రెండో పేరాకే ఆర్ప్2/3, కోఫిలిన్, ప్రొఫిలిన్, ఫార్మిన్, ఫిలమిన్ అనే ప్రోటీన్లన్నీ శుభలేఖలో బంధువుల పేర్లలా వరుస కట్టాయి. పెళ్లి ఎవరిదో మాత్రం తెలియలేదు.

ముందు ఒక్క ఆక్టిన్ పోగును, అంటే ఆక్టిన్ అనే ప్రోటీన్ అణువులు వరుసగా చేరి కట్టిన దారాన్ని, చూపించు. మందం సుమారు 7 నానోమీటర్లు. దాని రెండు కొసలూ ఒకలాంటివి కావు. ఒకవైపు కొత్త అణువులు చకచకా వచ్చి చేరుతుంటే, రెండోవైపు నుంచి పాతవి రాలిపోతుంటాయి. పాకే కణంలో ఆ పెరిగే కొసలు ముందంచు వైపు తిరిగి ఉండి, కణత్వచాన్ని నెడతాయి. ఇది మనసుకెక్కాక ఒక్కో ప్రోటీన్‌నూ పని పడినప్పుడే పిలువు. పొడవాటి ఒంటరి పోగు నెట్టబోతే వంగిపోతుంది కనుక, ఆర్ప్2/3 పాత పోగు పక్కన దాదాపు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ వేస్తుంది.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన క్యాపింగ్ ప్రోటీన్ దగ్గర నేను ఆగిపోయాను. అది పెరిగే కొసకు మూత పెట్టి పెరుగుదలనే ఆపేస్తుంది. అలాంటిది ఉంటేనే కణం సరిగా కదులుతుందంటే ఎవరు నమ్ముతారు? అసలు రుచి అక్కడే ఉంది, ఓపిగ్గా రాయి. కణంలో విడి ఆక్టిన్ అపారంగా ఉండదు. కొసలన్నీ తెరిచే ఉంటే అది ఎక్కడపడితే అక్కడ ఖర్చైపోతుంది. పాతవి మూసుకుపోతే సరుకు ముందంచున అప్పుడే మొలిచిన కొమ్మలకు దక్కుతుంది. వెనకబడిన పోగులను కోఫిలిన్ తుంచుతుంది, వాటి అణువులు మళ్లీ వాడకంలోకి వస్తాయి.

1999లో ఫ్రాన్స్‌లో మారీ-ఫ్రాన్స్ కార్లియే అనే శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగం నీకు తెలిసే ఉండాలి, వ్యాసంలో ఎందుకు లేదో! మన కణాల్లో దూరి వాటి ఆక్టిన్‌తోనే కదిలే లిస్టీరియా బాక్టీరియాను శుద్ధి చేసిన ప్రోటీన్ల ద్రావణంలో వేశారు. ఆక్టిన్, ఆర్ప్2/3, కోఫిలిన్, క్యాపింగ్ ప్రోటీన్, ఇంధనంగా ఏటీపీ. కణం లేదు, ఆక్టిన్ పోగులను లాగే మోటారు ప్రోటీన్ మయోసిన్ కూడా లేదు. అయినా బాక్టీరియా వెనక ఆక్టిన్ తోక పెంచుకుంటూ ముందుకు సాగింది. దీనితోనే మొదలుపెట్టు. అలాగని మయోసిన్‌ను వదిలేయకు, పాకే కణం తన వెనక భాగాన్ని లాక్కోవడంలో దాని పాత్ర పెద్దది. లిస్టీరియా చూపేది ముందంచు సంగతేనని ఒక మాట అనకపోతే తెలిసినవాళ్లు పట్టుకుంటారు.

క్యాన్సర్ మీద హడావుడిగా రాసిన పేరా తీసెయ్. జబ్బు ప్రస్తావన కావాలంటే విస్కాట్-ఆల్డ్రిచ్ సిండ్రోమ్ ఉంది. ఆర్ప్2/3ను పనిలోకి దించే వాస్ప్ ప్రోటీన్ తాలూకు జన్యువు చెడి, ముఖ్యంగా మగపిల్లల్లో రోగనిరోధక శక్తి దెబ్బతింటుంది. అది నీ విషయానికి నేరుగా అతుకుతుంది. బొమ్మ ఒక్కటి చాలు, అదీ నువ్వే గీసి పంపు.

ఆశీస్సులతో