ముందు తోకను విడదీయండి

ప్రశ్న: ఆరోహణ క్రమంలో ఉన్న రెండు లింక్డ్ లిస్టులను (ఒక్కో విలువ ఒక నోడ్‌లో ఉండి, దాని నెక్స్ట్ తరువాతి నోడ్‌ను చూపే జాబితాలను) రస్ట్ భాషలో ఒకటిగా కలుపుతున్నాను. చిన్న విలువ ఉన్న నోడ్‌ను ఫలితానికి తగిలించి, ఆ తరువాత దాని నెక్స్ట్‌కు వెళ్లబోతే కంపైలర్ ఇ0382 లోపం చూపిస్తోంది. నోడ్‌ను క్లోన్ చేస్తే పని జరుగుతోంది. సీ భాషలో ఈ ఇబ్బంది రాలేదు. క్లోన్‌తో సరిపెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దమ్మా, ఆ క్లోన్‌ను ఈ రోజే తీసేయండి. ఒక్క నోడ్‌కే నకలు తీస్తున్నామని మీరు అనుకుంటున్నారు. కానీ ఆ నోడ్ లోపల బాక్స్ (తరువాతి నోడ్‌ను సొంతంగా పట్టి ఉంచే పెట్టె), ఆ బాక్స్‌లో తరువాతి నోడ్, దానిలో మరొకటి. మొదటిదాన్ని క్లోన్ చేస్తే చివరి వరకూ అన్నింటికీ నకళ్లు వస్తాయి. 1,000 నోడ్ల జాబితాలో ప్రతి నోడ్‌నూ ఇలా తీస్తే 1,000, 999, 998... మొత్తం 5,00,500 నకళ్లు!

ఇ0382 అంటే చేయి దాటిపోయిన విలువను మళ్లీ వాడబోయారని. ఫలితానికి తగిలించిన క్షణంలోనే నోడ్ మీది కాకుండా పోయింది. ఇక దాని నెక్స్ట్‌ను అడగలేరు. అందుకే వరుస మార్చండి. ముందు నోడ్ నెక్స్ట్ మీద టేక్ పిలవండి. అది తోకను, అంటే ఆ నోడ్ తరువాతి భాగమంతటినీ, మీకిచ్చి, ఆ చోట నన్ (ఏమీ లేదనే గుర్తు) ఉంచుతుంది. ఆ తోకే ఇక మీ జాబితా. ఇప్పుడు ఒంటరిగా మిగిలిన నోడ్‌ను ఫలితం చివర పెట్టి, చివరను చూపే మ్యూటబుల్ రిఫరెన్సును (మార్పులకు వీలిచ్చే సూచికను) ఆ నోడ్ నెక్స్ట్‌కు జరపండి. ఒక జాబితా అయిపోగానే రెండోదాన్ని ఉన్నదున్నట్టు తగిలించి ఆపేయండి. విలువలు సమానమైతే మొదటి జాబితా నుంచే తీసుకోండి, పాత వరుస చెదరదు.

సీలో ఇబ్బంది రాలేదన్నారు. నాకు వచ్చింది. ఒకసారి రెండు జాబితాలు కలిపాక, ఇక అక్కరలేదనుకుని మొదటిదాన్ని ఫ్రీ చేశాను, అంటే దాని మెమరీని వదిలేశాను. కలిసిన జాబితాలో ఉన్నవీ ఆ నోడ్లే. ప్రోగ్రామ్ వెంటనే కూలలేదు. మూడో రోజు రాత్రి తప్పుడు అంకెలు చూపించింది. కారణం దొరికేసరికి తెల్లవారింది. మీకు ఆ రాత్రి లేకుండా చేసింది ఇ0382.

మరొక్క మాట. రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతితో) కలిపితే కోడ్ పొట్టిగా ఉంటుంది కానీ పొడవైన జాబితాకు స్టాక్ (ఫంక్షన్ పిలుపులకు కేటాయించిన మెమరీ) చాలదు. రస్ట్‌లో కొత్తగా సృష్టించే థ్రెడ్‌కు మామూలుగా దక్కేది 2 ఎంబీయే. లూప్‌తో కలిపినా, జాబితా నశించేటప్పుడు బాక్సులు ఒకదానిలో ఒకటిగా రికర్షన్‌తోనే విడుదలవుతాయి. లక్షల నోడ్లుంటే డ్రాప్‌ను (ఆ విడుదల చేసే కోడ్‌ను) కూడా మీరే లూప్‌గా రాయండి, అక్కడా ఇదే టేక్‌తో.