గదిలోనే ఉండండి, వాడికి తెలిసింది మీరే

ప్రశ్న ఇది: "మా కుక్కకి పదమూడేళ్లు. కిడ్నీలు పూర్తిగా పాడయ్యాయి, ఇక ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయడమే మంచిదని డాక్టర్ అంటున్నారు. ఆ టైమ్‌లో గదిలో ఉండే ధైర్యం నాకు లేదు. బయట కూర్చుంటే తప్పా?"

తప్పొప్పుల సంగతి అలా ఉంచండి. మీరు లోపలే ఉండాలి. ధైర్యం అక్కర్లేదు, ఏడుస్తూ ఉన్నా సరే. ఆ గది, ఆ మందుల వాసన, ఆ చేతులు అన్నీ వాడికి కొత్త, అక్కడ వాడికి తెలిసినవాళ్లు మీరొక్కరే.

మా జిమ్మీకి ముందు కాలి ఎముకలో క్యాన్సర్ వచ్చింది. పెద్ద జాతి కుక్కల్లో ఇది ఎక్కువ, బయటపడేసరికి చాలావరకు ఊపిరితిత్తుల దాకా పాకేసి ఉంటుంది. మొదట కొంచెం కుంటాడు, బెణికిందేమో అనుకున్నాం, ఎక్స్‌రేలో తెలిసింది. నొప్పి మందులతో కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత రాత్రుళ్లు పడుకోలేకపోయేవాడు. ఒక మూలకి వెళ్లి కూర్చోవడం, మళ్లీ లేవడం, ఇంకో మూలకి పోవడం, ఎండలో పరిగెత్తి వచ్చినట్టు నాలుక బయటపెట్టి రొప్పడం. నొప్పి ఉన్న కుక్క అరుస్తుందని చాలామంది అనుకుంటారు. చాలా కుక్కలు అరవవు, ఇదిగో ఇలా రొప్పుతాయి, మీరు లోపలికి రాగానే తోక కూడా ఊపుతాయి. "తోక ఊపుతున్నాడు కదా, ఇంకా బాగానే ఉన్నాడు" అనే మాట ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. తోక మిమ్మల్ని చూసి ఊపుతాడు, నొప్పి తగ్గి కాదు.

మా డాక్టర్ గారు ఒక కాగితం ఇచ్చారు. ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో తయారు చేసిన కొలమానం అది. నొప్పి, తిండి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా లేదా అని మొత్తం ఏడు అంశాలు, ఒక్కోదానికి పదికి మార్కులు. కలిపితే 35 దాటితేనే వాడి బతుకు ఇంకా బాగున్నట్టు. అమ్మ రోజూ సాయంత్రం వేసేది, నాన్న వేసిన దానికన్నా అమ్మ మార్కులు ఎప్పుడూ తక్కువే, ఎందుకంటే వాడి పక్క గుడ్డలు మార్చేది తనే. మీ ఇంట్లో కూడా వాడికి దగ్గరుండి చేసే మనిషి మాటకే ఎక్కువ విలువివ్వండి. దూరం నుంచి ఫోన్ చేసి "అప్పుడేనా, ఇంకొన్నాళ్లు చూడండి" అనేవాళ్లకి రాత్రి మూడింటికి వాడు రొప్పే చప్పుడు వినిపించదు.

ఇక ఆ రోజు. డాక్టర్ గారు ఇంటికే వచ్చారు. వచ్చి ఫోన్ ఆపేసి, కుర్చీ వేస్తున్నా వద్దని, నేల మీద వాడి పక్కనే కూర్చున్నారు. బ్యాగ్ తెరవకముందే జరగబోయేదంతా మాకు చెప్పారు. కళ్లు మూసుకోవు, తెరిచే ఉంటాయి. ప్రాణం పోయాక కూడా ఒకటి రెండు సార్లు గట్టిగా ఊపిరి తీసినట్టు అనిపించవచ్చు, కండరాలు అదరవచ్చు, మూత్రం పోవచ్చు, అవేవీ బాధపడడం కాదు, అప్పటికి వాడికి ఏమీ తెలియదు. ఆ ముక్క ముందే చెప్పకపోయుంటే నేను జీవితాంతం ఆ ఆఖరి ఊపిరి గురించే ఆలోచించేవాణ్ణి.

ముందు మత్తు ఇంజెక్షన్. నాన్న వాడి చెవి వెనక గోకుతూ కూర్చున్నాడు, అక్కడ గోకితే వాడికి ఎప్పుడూ ఇష్టం. కాసేపటికి తల బరువెక్కి నాన్న తొడ మీదకి వాలింది. ఆ తర్వాత గురక. ఎన్నో రాత్రుల తర్వాత వాడు గురక పెట్టి నిద్రపోవడం అదే, అది విని అమ్మ ఏడుస్తూనే నవ్వింది. డాక్టర్ గారు తొందరపెట్టలేదు. కాసేపు అలాగే పడుకోనిచ్చి, బాగున్న ముందు కాలి మీద చిన్న చోట బొచ్చు తీసి, నరంలో సన్నటి గొట్టం పెట్టి, అప్పుడు రెండో మందు ఎక్కించారు. అది పెంటోబార్బిటాల్, మత్తుమందుల జాతిదే, మోతాదు చాలా ఎక్కువ. ముందు స్పృహ పోతుంది, తర్వాత ఊపిరి, తర్వాత గుండె. అంతా కొద్ది నిమిషాల్లోపే. స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విని, "వెళ్లిపోయాడండీ" అన్నారు. వెంటనే సామాను సర్దుకోలేదు. మేం లేచేదాకా ఆవిడా కూర్చున్నారు.

అందరికీ ఇలా జరగదని నాకు తెలుసు. తెలిసినవాళ్ల కుక్కని స్టీల్ టేబుల్ ఎక్కించి, పక్క గదిలో వేరే కుక్కలు మొరుగుతుండగా, మత్తు కూడా ఇవ్వకుండా పట్టుకుని సూది గుచ్చేశారు, ఇంటివాళ్లని బయటే నిలబెట్టారు. పదేళ్లకి పైగా ఇంట్లో మనిషిలా తిరిగినవాడికి ఆఖరి పది నిమిషాలు ఇవ్వలేకపోతే ఆ పని చేయకూడదు. అందుకే అడగండి, మొహమాటపడకండి. మత్తు ముందు ఇస్తారా, నేల మీద దుప్పటి వేసుకోనిస్తారా, ఇంటికి రాగలరా, రాలేకపోతే రద్దీ లేని టైమ్ ఇస్తారా? డబ్బులు ముందే కట్టేయండి, వాచిన కళ్లతో కౌంటర్ దగ్గర నిలబడే పని ఉండదు.

ఈలోగా నొప్పికి మనుషులు వేసుకునే మాత్రలు మాత్రం ఇవ్వకండి. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుళ్లు చేస్తుంది, కిడ్నీలు దెబ్బతీస్తుంది, మీవాడికి అసలే కిడ్నీలు పనిచేయట్లేదు. రాత్రి నొప్పికి, వికారానికి ఏం వాడాలో మీ డాక్టర్నే అడగండి. ఇంకో మాట, పాతిపెట్టేటట్టయితే ఎంత లోతు తవ్వాలో కూడా ఆయన్నే అడగండి. ఆ మందు శరీరంలోనే ఉండిపోతుంది, తవ్వి తిన్న జంతువులు కూడా చనిపోవచ్చు. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాన్ని ఒకసారి వాసన చూడనివ్వండి. మా చిన్నది దగ్గరికొచ్చి మూతి పెట్టి చూసి, తర్వాత తలుపు దగ్గర ఎదురుచూడడం మానేసింది.

రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఇవన్నీ అడగండి. సరిగ్గా జవాబు చెప్పకపోతే ఇంకో డాక్టర్ని వెతుక్కోండి, ఇంకా టైమ్ ఉంది.